మా నాయన ‘తెలీదు’ అన్న సాయంత్రం

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. డాక్టర్ని కాను, సహాయకురాలిని. వరికుంటపాడు దగ్గర ఒక ఊరికి నన్ను వేశారు. ఉదయగిరి శివారులోని మా ఇంటి నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళి వస్తాను. గొర్రెలకు నట్టల మందు తాగించడం, సూదులు వేయడం, ఈనలేక అవస్థ పడే మేకకు చెయ్యి పెట్టి పిల్లను తీయడం, ఇవే నా పనులు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టాను కాబట్టి ఇందులో సగం పని ఎవరూ నేర్పించకుండానే వచ్చింది. మా నాయనకు ఇప్పటికీ అరవై జీవాలున్నాయి.

నెలకోసారి మీటింగుకు ఆత్మకూరు వెళ్ళాలి. అలా వెళ్ళి తిరిగొస్తున్న ఒక సాయంత్రం, నా ముందు పోతున్న మోటార్ సైకిల్ కంకరలో జారి పడింది. నడుపుతున్నాయన ఎగిరి కల్వర్టు గోడకు కొట్టుకున్నాడు. నేను బండి ఆపి పరిగెత్తాను. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆయన తలను నా చున్నీతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా జనం చేరారు. అందులో ఒకామె నా చేతుల మీది రక్తం చూసి మామూలుగా అడిగింది.

“నువ్వే గుద్దినావా పాపా?”

కాదమ్మా, ఆయనే పడినాడు అన్నాను. ఆమె తలూపి పక్కకు వెళ్ళిపోయింది. ఆమెకు ఆ మాట అడిగిన సంగతి కూడా గుర్తుండి ఉండదు. మర్నాడు ఆయన పోయాడని తెలిసింది. ఆయనెవరో నాకు తెలియదు, నేనెవరో ఆయన వాళ్ళకు తెలియదు.

మొదటి నెల నిద్ర పట్టలేదు. కంకర చూస్తే గుండె దడదడలాడేది. అమ్మ తాయెత్తు కట్టించింది, కట్టించుకున్నాను. ఆ దడ మెల్లగా తగ్గింది. తగ్గింది అనుకుంటున్న రోజుల్లోనే ఇంకొకటి మొదలైంది.

ఒక ఉదయం పనికి వెళ్తుంటే బండి గతుకులో పడి ఎగిరింది. కొంచెం దూరం పోయాక మనసులో ఒక మాట వచ్చింది: అది గతుకేనా? మనిషి అయితే? నవ్వొచ్చింది కానీ బండి తిప్పాను. వెనక్కి వెళ్ళి చూస్తే గతుకే. మళ్ళీ బయలుదేరాను. చూసింది అదే గతుకా, వేరే గతుకా? మనిషి రోడ్డు పక్క కంపల్లోకి పడి ఉంటే నాకు కనబడకపోయి ఉండొచ్చు కదా? మళ్ళీ తిప్పాను. ఆ రోజు మూడుసార్లు తిరిగాను. రెండు నెలలు గడిచేసరికి నలభై నిమిషాల దారికి రెండున్నర గంటలు పట్టసాగింది. దిగి చక్రాలు తడిమి చూసేదాన్ని. పొద్దున్నే పేపరు తెచ్చుకుని జిల్లా పేజీలో ప్రమాదాల వార్తలన్నీ చదివేదాన్ని. ఏ ఊరు, ఏ రోడ్డు, ఎన్ని గంటలకు అని చూసి, ఆ టైములో నేనెక్కడున్నానో లెక్కేసుకునేదాన్ని.

నాకు మతి చెడలేదు. మనిషికి తగిలితే స్కూటీ మీది మనిషి కూడా పడుతుందని నాకు తెలుసు. తెలిసినందువల్ల ఏమీ తగ్గలేదు.

ఈ బాధలో నాకు తోడుగా దొరికింది మా నాయన. ఇంటికి రెండు మైళ్ళ దూరంలో కంపచెట్ల మలుపు ఒకటి ఉంది. ఆ పక్క బీడులోనే ఆయన జీవాలను మేపుతాడు. మలుపు దాటి పోయాక ఫోన్ చేసి అడిగేదాన్ని, నాయనా, మలుపు కాడ ఎవురన్నా పడి ఉండారా, ఒకసారి చూడు అని. ఆయన ఎందుకు అని ఎప్పుడూ అడగలేదు. కర్ర పట్టుకుని రోడ్డు మీదికి నడిచి, అటూ ఇటూ చూసి, ఎవురూ లేరు పాపా, పోయి పని చూసుకో అనేవాడు. ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చేది. పది నిమిషాలు. ఆ తర్వాత నాయన సరిగ్గా చూశాడో లేదో అని మళ్ళీ చేసేదాన్ని. ఆయన మళ్ళీ నడిచేవాడు. ఏడాది పొడుగునా, రోజుకు నాలుగైదుసార్లు, ఎండల్లో కూడా ఆయన ఆ రోడ్డు మీదికి నడిచాడు.

ఇంకా ఎన్నాళ్ళు అలా గడిపేదాన్నో తెలియదు. ఒక పొద్దున ఒకాయన ఫోన్ చేశాడు, గొర్రె ఈనలేకుండా ఉండాది, పిల్ల అడ్డం తిరిగినట్టుండాది, రామ్మా అని. మా ఇంటి నుంచి ఎనిమిది కిలోమీటర్లు. దారిలో నాలుగుసార్లు వెనక్కి తిరిగాను. వెళ్ళేసరికి గొర్రె పోయింది, లోపల రెండు పిల్లలూ పోయాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “ఇంకొంచెం ముందరొచ్చుంటే బాగుండు బిడ్డా” అని మాత్రం అన్నాడు. గొర్రె పక్కన మట్టిలో కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు చూసి, ఆయనే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ వారమే ఆత్మకూరులో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె దడ అని మాత్రమే చెప్పాను. ఈసీజీ తీసి, గుండె బాగుంది, ఇది మనసుకు సంబంధించింది, నెల్లూరులో చూపించుకోమ్మా అని చీటీ రాశాడు. ఆ చీటీ నెల రోజులు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. చివరికి మా నాయనే ఒక రోజు సెలవు పెట్టించి బస్సెక్కించాడు, తనూ వచ్చాడు. నెల్లూరు డాక్టరు అంతా విని దీని పేరు ఓసీడీ, ఒకే అనుమానంతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు అన్నాడు. నేను చేతులు ఎక్కువగా కడుక్కోనండీ అన్నాను. ఆయన నవ్వలేదు. కొందరు చేతులు కడుగుతారు, కొందరు తాళాలు చూస్తారు, మీరు రోడ్డు చూస్తున్నారు, లోపల జరిగేది ఒకటే అన్నాడు. మాత్రలు రాశాడు. మాత్రలతో పాటు థెరపీ కూడా కావాలి, వారానికో గంట, అది మాటల వైద్యం, మీ పక్క దొరకదు కానీ విశాఖపట్నంలో ఒక మేడం ఫోన్‌లోనే తెలుగులో చేస్తారు అని చెప్పాడు.

ఫోన్‌లో మాట్లాడితే జబ్బు తగ్గుతుందా అని బస్సులో వస్తూ అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు అర్హత లేదు. కొండాపురం దాకా ఎంతోమంది గొర్రెను వాట్సాప్ వీడియోలో చూపిస్తే, కళ్ళ రంగు చూసి, నడక చూసి, మందు చెప్పేదాన్ని నేనే.

ఇంట్లో మాట్లాడే చోటు లేదు. అమ్మ మంచిదే కానీ, పిచ్చికి వైద్యమంటే సంబంధాలు రావని ఆమె భయం. అందుకని పని అయ్యాక మా సెంటర్లో టీకాల ఫ్రిజ్జు పెట్టిన గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఫోన్‌ను మందుల డబ్బాలకు ఆనించాను. మేడం కనబడింది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో, కాటన్ చీర, వెనక గోడకు ఏమీ లేదు. ఆ మోత ఏమిటండీ అని అడిగింది. ఫ్రిజ్జు మేడం అన్నాను. సరే, మెల్లగా చెప్పండి, తొందరేం లేదు అంది.

ఏడాదిన్నరగా లోపల పెట్టుకున్న మాటను, కళ్ళు కిందికి దించుకుని, గొణుగుతున్నట్టు చెప్పాను. తలెత్తితే మేడం ముఖం కదలడం లేదు. సిగ్నల్ పోయింది. కాసేపటికి వచ్చి, సారీ అండీ, వినబడలేదు, మళ్ళీ చెప్తారా అంది. కొంచెం గట్టిగా చెప్పాను. సగంలో మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి అడిగేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఫోన్ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి అరిచాను.

“నేను బండితో మనిషిని చంపేసి, చూడకుండా వెళ్ళిపోతున్నానేమో అని నాకు రోజూ అనిపిస్తా ఉండాది మేడం!”

“ఇప్పుడు స్పష్టంగా వినబడిందండీ” అంది మేడం. ఆమె గొంతు ఏమీ మారలేదు. రోజూ వినే మాట విన్నట్టే ఉంది. కిటికీ బయట మందు కోసం కూర్చున్న పెద్దాయన మాత్రం నా వైపు తిరిగి చూశాడు. చూస్తే చూశాడులే అనిపించింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగాను, కానీ ఆ గదిలోకి వెళ్ళిన మనిషీ, బయటికి వచ్చిన మనిషీ ఒకరు కాదన్నట్టు ఒళ్ళు తేలిగ్గా ఉంది.

మేడం నాకు ధైర్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. మీరు ఎవరినీ గుద్దలేదు అని ఒక్కసారి అంటే చాలని రెండు మూడు రకాలుగా అడిగి చూశాను. ఆమె అనలేదు. ఆ మాట మీకు మీ నాన్నగారు రోజుకు ఐదుసార్లు చెబుతున్నారు కదా, ఏమైనా తగ్గిందా అని అడిగింది. భయం వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగితే, తిరిగినందువల్లే బతికిపోయానని మనసు నమ్ముతుంది, తిరగకుండా ఆ భయంతోనే కాసేపు ఉండగలిగితే అది దానంతటదే దిగుతుంది, మాటల్లో చెబితే నమ్మరు, చేసి చూడాలి అంది. ఒక వాక్యం ఇచ్చింది. తగిలిందేమో, తగల్లేదేమో, నేను పోతా ఉండాను. చివరి మాటలు నా యాసలోకి నేనే మార్చుకున్నాను.

చేయాల్సిన వాటిని తేలిక నుంచి కష్టానికి ఒక వరసలో రాసుకున్నాం. పేపర్లో జిల్లా పేజీ చదవకపోవడం మొదటిది. చక్రాలు తడమకపోవడం. మా వీధి మొదట్లోని స్పీడ్ బ్రేకర్ దాటి తిరగకపోవడం. అన్నిటికీ చివర ఆత్మకూరు రోడ్డు, సాయంత్రం పూట. నడుపుతూ ఫోన్ వద్దని మేడం ఖచ్చితంగా చెప్పింది. అందుకని స్పీడ్ బ్రేకర్ దాటి, ఇంటి ముందు బండి ఆపి, అమ్మ లోపల వంటలో ఉండగా అరుగు మీద కూర్చుని వీడియో కలిపేదాన్ని. భయం వందకు ఎంతుంది అని అడిగేది. తొంభై. ఇప్పుడు? తొంభై. ఇప్పుడు? ఎనభై. చెమటలు కారిపోయేవి. అలా కూర్చుని కూర్చుని, ఒక రోజు నలభై దగ్గర నాకు ఆకలేసింది. భయం మధ్యలో ఆకలి వేయడం అదే మొదటిసారి. ఆ మాట చెబితే మేడం ఎంతో సంతోషపడి, వెళ్ళి తినండి ముందు అని ఫోన్ పెట్టేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. మా నాయనను ఆపడం ఒక ఎత్తు. ఆయనను ఒకసారి ఫోన్ ముందుకు తీసుకురమ్మంది మేడం. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, పెద్ద ఆఫీసరు ముందు నిలబడినట్టు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇకమీదట మీ అమ్మాయి అడిగినా రోడ్డు చూడొద్దండీ, నాకు తెలీదు అని మాత్రమే చెప్పండి అంది మేడం.

“బిడ్డ ఏడస్తా అడిగితే తెలీదని ఎట్ట చెప్పేది మేడమ్మా? చూసేదానికి నాకేం కష్టం లేదు” అన్నాడు నాయన.

మీకు కష్టమని కాదండీ, మీరు చూసినన్నాళ్ళూ ఆమె తన భయాన్ని తను మోయలేనని నమ్ముతూనే ఉంటుంది అని ఆమె ఓపిగ్గా చెప్పింది. నాయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. చివరికి, “కాలిరిగిన పిల్లను ఎత్తుకోని తిరిగితే అది నడక మరిచిపోతాదిలే. మాకు తెలిసిందే” అన్నాడు. నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు సాయంత్రం తిరిగి వస్తుంటే, కంపచెట్ల మలుపులో బండి బాగా ఎగిరింది. ఎదురుగా వచ్చే లారీ లైట్లకు ఏదో తెల్లగా కనబడినట్టు కూడా అనిపించింది. దాటేసి ఆగాను. ఫోన్ చేశాను.

“నాయనా, మలుపు కాడ ఎవురన్నా ఉండారా?”

గొర్రెల మెడ గంటలు వినబడుతున్నాయి. అంటే అక్కడే, రోడ్డు పక్కనే ఉన్నాడు.

“నాకు తెలీదు” అన్నాడు.

“ఒక్కసారి చూడు నాయనా. ఇదే ఆఖరు.”

“చూడను పాపా. ఇంటికి పో.”

ఫోన్ పెట్టేశాడు. మా నాయన నా ఫోన్ పెట్టేయడం నేనెరగను. ఆ కోపంలోనే బండి స్టార్ట్ చేసి ఇంటికి వచ్చాను. భయం కంటే కోపమే ఎక్కువగా ఉండడం వల్ల తిరగాలన్న సంగతి కూడా మరిచిపోయాను. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం ఆయన మలుపుకు పది అడుగుల దూరంలోనే ఉన్నాడట. చూస్తే ఎక్కడ నోరు జారుతానో అని రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడట. ఇంటికొచ్చి అన్నం ముద్ద కూడా ముట్టలేదట. నేను వెళ్ళి దొడ్డిలో ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఒక గొర్రె గిట్టలు చూస్తుంటే నేను కాలు పట్టుకున్నాను.

ఆ తర్వాత నెలలో మేడం నన్ను ఆ ప్రమాదం గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పమంది. మామూలుగా కాదు, మెల్లగా, ఏ వాసన, ఏ చప్పుడు, చేతికి ఏం తగిలింది, అన్నీ. మొదటి రెండు వారాలు సగంలో ఆపేశాను. మూడోవారం ఆగకుండా చెబుతూ చెబుతూ ఒక మాట దగ్గరికి వచ్చాను. ఆయన నన్ను రెండుసార్లు నీళ్ళడిగాడు. బ్యాగులో సీసా ఉంది. తలకు దెబ్బ తగిలిన మనిషికి ఇవ్వకూడదని ఎక్కడో విన్న గుర్తు. ఇవ్వలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మేడం కూడా అంతకుముందు వినలేదు. చెప్పాక ఫ్రిజ్జు గదిలో నేల మీద కూర్చుండిపోయాను.

ఆమె మీ తప్పేం లేదు అనలేదు. చాలాసేపు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

“ఆ ఇరవై నిమిషాలూ ఆయన పక్కన ఎవరున్నారండీ?”

“నేనే.”

“ఇంకెవరైనా దగ్గరికొచ్చారా?”

ఎవరూ రాలేదు. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. దాదాపు రెండేళ్ళుగా ఆ సాయంత్రాన్ని వెయ్యిసార్లు తలచుకున్నాను కానీ, నేను ఆయన చెయ్యి పట్టుకున్న సంగతి ఆ రోజుదాకా గుర్తు రాలేదు. నీళ్ళ బాధ పూర్తిగా పోలేదు. అది ఉండదగిన బాధే అనిపిస్తుంది. కానీ అప్పుడు జనంలో ఒకామె అడిగిన ప్రశ్న, నువ్వే గుద్దినావా అన్నది, ఆ రోజు నుంచి తన కోర పోగొట్టుకుంది.

ఆత్మకూరు రోడ్డు మీద సాయంత్రం ఒంటరిగా వచ్చిన రోజు పెద్దగా ఏమీ జరగలేదు. కల్వర్టు వచ్చింది. గుండె కొట్టుకుంది. నా వాక్యం నేను అనుకున్నాను. కల్వర్టు వెళ్ళిపోయింది. వెలుతురుండగానే ఉదయగిరి కొండ కనబడింది. ఇంటికొచ్చి మేడంకు మెసేజ్ పెట్టాను, వచ్చేసినాను అని. ఆమె ఒక పువ్వు బొమ్మ పంపింది.

మొన్న వేసవిలో గొర్రెలకు టీకాలు వేయడానికి నన్ను కొండాపురం పక్క ఊళ్ళకు పంపారు. ఒక వీధిలో పోతుంటే కోడిపెట్ట ఒకటి అడ్డం వచ్చి నా ముందు చక్రానికి తగిలింది. చప్పుడయింది, ఈకలు లేచాయి, కోడి అరుచుకుంటూ కుంటుకుంటూ చూరు కిందికి పోయింది. నేను బండి ఆపి నిలబడి నవ్వుతున్నాను. ఆపుకుందామన్నా ఆగడం లేదు, కళ్ళెంట నీళ్ళు వస్తున్నాయి. అరుగు మీది నుంచి అవ్వ ఒకామె దిగి వచ్చింది.

“కోడి కాలు ఇరగ్గొట్టి నవ్వతావేంది పిల్లా?”

“తగిలినట్టు తెలిసిందవ్వా. అందుకు” అన్నాను.

“తగిలితే తెలవకుండా పోతాదా యాడన్నా?” అని, నాకేదో తక్కువైందని అనుకుని, ఆమె కోపం మానేసి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. కోడిని పట్టి తెచ్చుకుని, వెదురు పుల్ల చీల్చి కాలికి కట్టు కట్టాను. ఆమె మజ్జిగ ఇచ్చింది.

ఈ కథ చెబితే మేడం నవ్వీ నవ్వీ ఫోన్ తెర నుంచి పక్కకు ఒరిగిపోయింది. అంతలోనే సర్దుకుని, జాగ్రత్తండీ, ఆ కోడిని సాక్ష్యంగా దాచుకోకండి, మీ మనసు దానికీ ఏదో వంక పెడుతుంది అంది. ఆమె చెప్పినట్టే అయింది. వారం తిరక్కుండా ఒక గతుకు దాటాక మనసు అంది, అది కోడి కాబట్టి తెలిసింది, ఇది వేరే అయితే? కావచ్చు అనుకున్నాను. పోతూనే ఉన్నాను.

ఇప్పుడు రెండు నెలలకోసారి మాట్లాడుకుంటున్నాం. మాత్ర సగానికి తగ్గించాడు నెల్లూరు డాక్టరు. మనిషి అయితే అన్న ఆ మాట ఇంకా వస్తుంది, అలసిపోయిన రోజుల్లో ఎక్కువగా. రానీ. వెనక్కి తిరగడం మానేశాక రోజుకు మూడు గంటలు నాకు మిగిలాయి. మొదట్లో వాటితో ఏం చేయాలో తెలియలేదు. పని నుంచి నేరుగా ఇంటికొచ్చి, తిని, పట్టపగలు చాప మీద పడి నిద్రపోయాను. వారం పది రోజులు అదే పని. లేపకుండా అమ్మ తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది.